కుడి వైపు ఎవరు ఆడాలి?

"మా వాడికేం తక్కువ, మేడమ్?"

పోయిన పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నన్ను అడిగిన ప్రశ్న ఇది. మార్కుల గురించి కాదు, అండర్-14 ఫుట్‌బాల్ టీమ్ గురించి. కుడి వైపు మిడ్‌ఫీల్డ్‌లో ఆడటానికి మా బ్రాంచ్‌లో ఇద్దరు పిల్లలున్నారు. ఇద్దరిదీ ఎనిమిదో తరగతే, సెక్షన్లు వేరు. ఇంటర్ బ్రాంచ్ మ్యాచ్‌లో ఒకడు మొదటి నుంచీ ఆడాడు, రెండోవాడు బెంచ్ మీద కూర్చున్నాడు. కూర్చున్న అబ్బాయి నాన్నగారే ఈయన.

నేను చెప్పేది ఇంగ్లిష్. పీఈటీ సార్‌కి తోడుగా టీమ్ వెంట వెళ్తుంటాను. ఆ రోజు ఆయన వెనక ఇంకా చాలామంది పేరెంట్స్ లైన్లో ఉన్నారు. "తక్కువేం లేదండీ" అని మాత్రం అనగలిగాను. అది సమాధానం కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజు చెప్పలేకపోయింది ఈ నెల ఇక్కడ చెబుతాను. అయితే ముందుగా మన పిల్లల గురించి కాకుండా, ప్రపంచమంతా చూసిన ఒక ఎంపిక గురించి మాట్లాడుకుందాం.

ఫుట్‌బాల్ చూసే అలవాటు లేనివారి కోసం రెండు మాటలు. గోల్‌కీపర్ కాక మిగిలిన పదిమందిని వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరుగా నిలబెట్టడం పాత పద్ధతి. మధ్యలో ఉన్న నలుగురిలో కుడి చివర ఆడేవాడికి పనులు రెండు. బంతి మనదైనప్పుడు గీత పక్కనుంచి ముందుకు దూసుకెళ్లి గోల్ ముందున్నవాళ్లకి బంతి అందించాలి. దాన్నే క్రాస్ అంటారు. బంతి పోయినప్పుడు అంతే వేగంగా వెనక్కి వచ్చి, తన వెనకున్న రైట్ బ్యాక్‌కి సాయం పట్టాలి. మొదటి పనికి చప్పట్లు పడతాయి. రెండో పని చేస్తే ఎవరూ గమనించరు, చేయకపోతే మాత్రం గోల్ పడుతుంది.

2008 నుంచి 2010 వరకు ఇంగ్లండ్ జట్టులో ఈ స్థానం కోసం ఇద్దరు కుర్రాళ్లు పోటీపడ్డారు. ఒకరు ఆర్సెనల్ క్లబ్ ఆటగాడు థియో వాల్కాట్. ఇంకొకరు టాటెన్‌హామ్ ఆటగాడు ఆరన్ లెనన్. రెండు క్లబ్బులూ ఉత్తర లండన్‌వే, రెంటికీ బద్ధ వైరం. ఇద్దరికీ ఉన్న పెద్ద బలం ఒకటే, వేగం. కోచ్ ఇటలీకి చెందిన ఫాబియో కపెల్లో.

2008 సెప్టెంబర్ 10న జాగ్రెబ్‌లో క్రొయేషియాతో ప్రపంచ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్ జరిగింది. అంతకు ముందు ఏడాది నవంబర్‌లో ఇదే క్రొయేషియా లండన్‌లోని వెంబ్లీకి వచ్చి 3-2తో గెలిచి, ఇంగ్లండ్‌ను యూరో 2008కి వెళ్లనివ్వలేదు. అలాంటి జట్టు మీద, వాళ్ల సొంత మైదానంలో, 19 ఏళ్ల వాల్కాట్ మూడు గోల్స్ కొట్టాడు. ఇంగ్లండ్ 4-1తో గెలిచింది. ఆ దేశం తరఫున హ్యాట్రిక్ చేసినవాళ్లలో అతనే అందరికంటే చిన్నవాడు. ఇక కుడి వైపు స్థానం అతనిదే అని అందరూ అనుకున్నారు.

ఆ నవంబర్‌లో ఇంగ్లండ్ ప్రాక్టీస్‌లోనే అతని భుజం కీలు తప్పింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 9న అదే క్రొయేషియాతో వెంబ్లీలో మ్యాచ్ జరిగినప్పుడు కుడి వైపు ఆడింది లెనన్. అతన్ని పడగొట్టినందుకే పెనాల్టీ వచ్చింది, దాన్ని లాంపార్డ్ గోల్ చేశాడు. కాసేపటికి లెనన్ ఇచ్చిన క్రాస్‌ని జెరార్డ్ తలతో గోల్‌లోకి కొట్టాడు. ఇంగ్లండ్ 5-1తో గెలిచి దక్షిణాఫ్రికా ప్రపంచ కప్‌కి అర్హత సాధించింది. స్కోరు పట్టికలో లెనన్ పేరు లేదు. కానీ మొదటి రెండు గోల్స్ అతని కాళ్ల నుంచి వచ్చినవే.

ఆ తర్వాత ఇద్దరికీ కష్టకాలమే. 2009 డిసెంబర్‌లో గజ్జల దగ్గర గాయమై లెనన్ నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. 2010 మార్చి మొదట్లో ఈజిప్టుతో ఆడిన మ్యాచ్‌లో వాల్కాట్ తేలిపోయాడు. అతని బదులు దిగిన షాన్ రైట్-ఫిలిప్స్ గోల్ కొట్టి మెప్పించాడు. వాల్కాట్‌కి ఆటను అర్థం చేసుకునే బుర్ర లేదన్నట్టుగా ఒకప్పటి ఇంగ్లండ్ వింగర్ క్రిస్ వాడిల్ బహిరంగంగానే విమర్శించాడు. అదే నెల 31న బార్సిలోనాతో మ్యాచ్‌లో ఆర్సెనల్ 0-2తో వెనకబడి ఉండగా, బెంచ్ మీదనుంచి లేచి వచ్చిన వాల్కాట్ మూడు నిమిషాల్లోనే గోల్ కొట్టాడు. మ్యాచ్ 2-2తో డ్రా అయింది.

జూన్ 1న కపెల్లో 23 మంది పేర్లు ప్రకటించాడు. లెనన్ ఉన్నాడు, రైట్-ఫిలిప్స్ ఉన్నాడు, వాల్కాట్ లేడు.

మీరు కోచ్ అయితే ఏం చేసేవారు? నా అభిప్రాయం చెబుతాను. మొదటి పదకొండు మందిలో లెనన్‌ను తీసుకోవడం సరైనదే. ఆ జట్టులో ఎడమ వైపు ఆడే జెరార్డ్ తరచూ మైదానం మధ్యలోకి వచ్చేసేవాడు. అలాంటప్పుడు కుడి వైపున్నవాడు కూడా లోపలికి వచ్చేస్తే, మధ్యలో అందరూ ఇరుక్కుపోతారు. లెనన్ గీతను వదలకుండా ఆడేవాడు. వాల్కాట్ అసలు స్వభావం స్ట్రైకర్‌ది. డిఫెండర్ల వెనక ఖాళీ దొరికితే అక్కడికి దూరతాడు, గోల్ కొడతాడు. పైగా రైట్ బ్యాక్ గ్లెన్ జాన్సన్‌కి ముందుకు పరిగెత్తడం ఇష్టం. అతను వదిలిన చోటుని కాపలా కాసేవాడు ఒకడు కావాలి. ఆ పని లెనన్ మెరుగ్గా చేస్తాడు.

కానీ 23 మందిలోనే వాల్కాట్‌కి చోటు ఇవ్వకపోవడం పొరపాటని నేననుకుంటాను. చివరి అరగంటలో ఎదుటివాళ్ల కాళ్లు బరువెక్కినప్పుడు, వెనక ఖాళీలు ఏర్పడినప్పుడు అతని వేగానికి విలువ రెట్టింపవుతుంది. బార్సిలోనా మ్యాచ్ జరిగి అప్పటికి రెండు నెలలే. ఈజిప్టు మ్యాచ్ చూసి జాగ్రెబ్‌ను మరిచిపోవడం, ఒక్క స్లిప్ టెస్ట్ చూసి ఏడాది చదువును తీసిపారేయడం లాంటిదే.

ప్రపంచ కప్‌లో ఏం జరిగింది? లెనన్ మొదటి రెండు మ్యాచ్‌లూ ఆడాడు. అమెరికాతో 1-1, అల్జీరియాతో 0-0. మూడో మ్యాచ్‌కి కపెల్లో అతన్ని తప్పించి జేమ్స్ మిల్నర్‌ను కుడి వైపు దించాడు. ఈ మిల్నర్ అమెరికాతో మ్యాచ్‌లో ఎడమ వైపు ఆడి, అరగంటకే బయటికి పిలిపించుకున్నవాడు. మిగతా ఇద్దరంత వేగం అతనికి లేదు. కానీ స్లోవేనియాతో ఆ రోజు కుడి వైపునుంచి అతనిచ్చిన క్రాస్‌కి డెఫో గోల్ కొట్టాడు. ఇంగ్లండ్ 1-0తో గెలిచి తర్వాతి దశకు వెళ్లింది. ఆ దశలో జర్మనీ చేతిలో 4-1తో ఓడిపోయింది, అది వేరే సంగతి.

అయితే లెనన్ ఎంపిక తప్పేనా? కాదంటాను. ఎంపిక చేసిన రోజున తెలిసిన విషయాలను బట్టి ఆ ఎంపిక సబబే. అవసరం మారగానే కోచ్ మనిషిని మార్చాడు. రెండు మ్యాచ్‌ల్లో దారులు మూసుకుపోయాక దూరం నుంచి మంచి క్రాస్ వేసేవాడు కావాల్సి వచ్చింది. అందుకు మిల్నర్ పనికొచ్చాడు. ముగ్గురిలో ఎవరు గొప్ప అని అడిగితే జవాబు దొరకదు. ఈ మ్యాచ్‌కి, ఈ పదిమంది పక్కన, ఎవరు కావాలి అని అడిగితే దొరుకుతుంది.

ఇప్పుడు మన ఇద్దరు పిల్లల దగ్గరికి వద్దాం. ఆ నాన్నగారి అబ్బాయిది వాల్కాట్ తరహా. బంతి కాలికి తగిలితే గోల్ వైపే పరుగు. రెండోవాడు గీత పక్కనే ఉంటాడు, అడగకుండానే వెనక్కి వస్తాడు. ఆ రోజు మా రైట్ బ్యాక్ ఏడో తరగతి పిల్లాడు, బక్కపలచని వాడు, వాడికి అదే మొదటి మ్యాచ్. వాడి ముందు వెనక్కి వచ్చి ఆదుకునేవాడు ఉండాలని పీఈటీ సార్ ఆలోచించారు. ఇంతకుమించి కారణమేమీ లేదు. మీ వాడికి తక్కువైంది ఏమీ లేదు సార్, ఆ రోజు అవసరం వేరు.

మరి ఈ మాట ఆ పిల్లాడికి మ్యాచ్‌కి ముందే ఎందుకు చెప్పలేదు? అక్కడ తప్పు మాది. వాట్సాప్ గ్రూప్‌లో పేర్ల లిస్ట్ పెట్టేసి ఊరుకున్నాం. పదమూడేళ్ల పిల్లాడు ఆ లిస్ట్‌లో తన పేరు ఎక్కడుందో చూసుకుని, కారణం తెలియక, తనే ఒక కారణం అల్లుకుంటాడు. "నేను పనికిరాను" అన్నదే ఆ వయసులో చప్పున తోచే కారణం. రెండు నిమిషాలు పక్కకు పిలిచి మాట్లాడి ఉంటే సరిపోయేది. ఇకపై లిస్ట్ పెట్టేలోపే ప్రతి పిల్లాడితో మాట్లాడాలని పీఈటీ సార్, నేను నిర్ణయించుకున్నాం.

పేరెంట్స్‌ని కూడా ఒకటి రెండు కోరతాను. ఇంటికి వచ్చిన పిల్లాడిని "వాణ్ణెందుకు తీసుకున్నారు?" అని అడగకండి. "సార్ నిన్ను ఏం ప్రాక్టీస్ చేయమన్నారు?" అని అడగండి. మొదటి ప్రశ్నతో స్నేహితుడు శత్రువవుతాడు. రెండో ప్రశ్నకు జవాబు కోసం వాడు మళ్లీ గ్రౌండ్‌కి రావాలి.

ఇంకొకటి. ఇది రాయడానికి కాస్త వెనకాడాను. ఆ మీటింగ్ అయిన తర్వాతి వారం నుంచి ఆ అబ్బాయి ప్రాక్టీస్‌కి రావడం మానేశాడు. "టీమ్‌లో ఎలాగూ లేడు కదా మేడమ్, ఆ గంట ఫౌండేషన్ క్లాస్‌కి పంపిస్తున్నాం" అని ఇంట్లోవాళ్లు చెప్పారు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. పరీక్షలు దగ్గర పడితే గేమ్స్ పీరియడ్‌ని రివిజన్‌కి వాడుకున్న టీచర్లలో నేనూ ఉన్నాను. కానీ ఆటను అలా వదిలేస్తే పిల్లాడు నేర్చుకునేదేమిటో ఒక్కసారి ఆలోచించండి. ఎంపిక కాకపోతే తప్పుకోవాలని నేర్చుకుంటాడు. రేపు ర్యాంకు రాకపోయినా, సీటు రాకపోయినా, మొదటి ఇంటర్వ్యూలో ఉద్యోగం రాకపోయినా పనికొచ్చే పాఠం దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది. ఆ పాఠం నేర్పడానికి ఫుట్‌బాల్ బెంచ్ కంటే చవకైన చోటు నాకు తెలియదు. అక్కడ ఓడితే పోయేది ఒక్క మ్యాచే.

వాల్కాట్ కథ 2010లో ఆగిపోలేదు. 2012 జూన్ 15న యూరో కప్‌లో స్వీడన్ మీద ఇంగ్లండ్ 1-2తో వెనకబడి ఉంది. మిల్నర్‌ను బయటికి పిలిచి వాల్కాట్‌ను దించారు. కొద్ది నిమిషాల్లోనే గోల్ కొట్టాడు. ఆ తర్వాత కుడి వైపునుంచి బంతి అందించి వెల్బెక్‌తో ఇంకో గోల్ కొట్టించాడు. ఇంగ్లండ్ 3-2తో గెలిచింది. రెండేళ్ల క్రితం అతను "ఎలాగూ టీమ్‌లో లేను కదా" అనుకుని ఉంటే ఆ అరగంట ఉండేది కాదు. అలాగని కష్టపడితే అన్నీ దక్కుతాయని కూడా చెప్పను. 2006లో జట్టుతో వెళ్లినా మైదానంలోకి దించలేదు, 2010లో తీసుకోలేదు, 2014లో మోకాలి గాయం. ప్రపంచ కప్‌లో ఒక్క నిమిషం కూడా వాల్కాట్ ఆడలేదు. అయినా ఇంగ్లండ్ తరఫున 47 మ్యాచ్‌లు ఆడాడు.

మన తర్వాతి మ్యాచ్‌లో ఎదుటి బ్రాంచ్ డిఫెండర్లు బాగా ముందుకొచ్చి ఆడతారని పీఈటీ సార్ చెబుతున్నారు. వాళ్ల వెనక బోలెడు ఖాళీ ఉంటుందట. గోల్ వైపే పరిగెత్తే పిల్లాడు అలాంటి చోటే కావాలి. ప్రాక్టీస్ మంగళ, గురువారాల్లో స్కూల్ అయ్యాక. నాన్నగారూ, ఆ గంట మళ్లీ మాకు ఇవ్వండి. వాడి బూట్లు ఇంకా స్పోర్ట్స్ రూమ్‌లోనే ఉన్నాయి.