ఖాళీ అని ఎవరన్నారు?

మా అక్క 2024లో పదవీ విరమణ చేసింది. గుంటూరు జిల్లా ఉన్నత పాఠశాలల్లో 36 ఏళ్లు తెలుగు చెప్పింది. నెలాఖరు రోజున సన్మాన సభ జరిగింది. శాలువా, పూలదండ, జ్ఞాపిక, అన్నీ యథావిధిగా అందాయి. మాట్లాడినవారంతా చివరికి చేరుకున్నది ఒకే మాటకు: "ఇకనుంచి అమ్మగారు హాయిగా మనవలతో కాలక్షేపం చెయ్యవచ్చు." 2021లో అదే బడినుంచి విరమించిన లెక్కల మాస్టారితో మాత్రం "ఇక విశ్రాంతి తీసుకోండి" అన్నారట. ఈ తేడాను ఆ సభలో అక్క ఒక్కతే గమనించింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో ఉద్యోగుల విరమణ వయసును 60నుంచి 62కు పెంచింది. ఆ వార్త వినగానే ఇంట్లో అందరూ "అయ్యో, ఇంకా రెండేళ్లా!" అని నిట్టూర్చారు. అమెరికాలో ఉన్న కూతురు పురుటికి అమ్మ వస్తుందని లెక్కలు వేసుకుని ఉంది. అక్క కూడా పైకి "ఏం చేస్తాం" అంది. లోలోపల ఎంత సంతోషించిందో నాకు మొన్నమొన్ననే చెప్పింది. ఆ సంతోషాన్ని దొంగసొత్తులా దాచుకోవలసి వచ్చిందని కూడా చెప్పింది.

విరమణ తరవాత బావగారి దినచర్యకూ అక్క దినచర్యకూ పోలిక లేదు. ఆయన బ్యాంకు ఉద్యోగం ముగిసిననాటినుంచీ ఉదయం నడక, పార్కు బెంచీమీద మిత్రులతో రాజకీయాలు. అక్కకు మాత్రం రెండు ఉద్యోగాల్లో ఒకటే పోయింది. కేంద్రప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు అందుకోసం రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ పనికి విరమణ వయసును ఏ జీవోలోనూ రాయలేదు.

ఇక పోయిన ఉద్యోగంతోపాటు పోయిందేమిటి? జీతం కాదు. అక్క 2004 సెప్టెంబరుకు ముందే ఉద్యోగంలో చేరింది గనక పాత పద్ధతి పింఛను వస్తోంది. చెయ్యి చాచవలసిన అవసరం లేదు. పోయింది స్టాఫ్‌రూము. మధ్యాహ్నం నలుగురు స్త్రీలు క్యారియర్లు విప్పి కూరలు పంచుకుంటూ, ఇంట్లో చెప్పుకోలేని మాటలు చెప్పుకున్న చోటు అది. దగ్గరి బంధాలంటే భర్త, పిల్లలు, తోబుట్టువులే అని మనం అనుకుంటాం. ఆ నలుగురినీ మాత్రం "ఆఫీసు పరిచయాలు" అని తీసిపారేస్తాం.

బంధువుల ప్రేమను నేను తక్కువ చెయ్యడం లేదు. మనవరాలిని ఎత్తుకుని అక్క తీయించుకున్న ఫొటోలో ఆనందం నిజమైనదే. కూతురి దగ్గర ఉన్న ఆరు నెలలూ తాను బతికిన కాలమే అంటుంది. ఆ పిల్ల "అమ్మా, నీకు వీలవుతుందా?" అని అడిగింది మరి. అడిగితే వెళ్లడానికీ, అడగకుండానే లెక్కలో వేసుకుంటే వెళ్లడానికీ చాలా భేదం ఉంది. మొదటిది బంధం, రెండోది డ్యూటీ.

ఇంత వాదిస్తున్న నేను చేసిన పని కూడా చెప్పాలి. అమ్మకు 86 ఏళ్లు, ఊళ్లో ఉంటుంది. అక్క విరమించిన వారానికే ఫోను చేసి, "ఇక నువ్వు ఖాళీయేగా, అమ్మ దగ్గరకు వెళ్లి ఉండకూడదూ?" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరవాత మెల్లగా, "వెళ్తానే. కానీ నేను ఖాళీ అని నీకెవరు చెప్పారు?" అంది. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. అలా అనలేదు గనకనే ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

ఇప్పుడు అమ్మ దగ్గర ఉండే రోజులను ఇద్దరం పంచుకున్నాం. రెండో శనివారాలు మాత్రం అక్కవి. ఆ నలుగురూ ఎవరో ఒకరి ఇంట్లో చేరతారు. క్యారియర్లు మామూలే. ఆ రోజు బావగారు తన కాఫీ తానే కలుపుకుంటున్నారు.

మీ ఇంట్లోనూ త్వరలో విరమించబోయే అమ్మో, అక్కో, పిన్నో ఉంటే, ఆమె కాలాన్ని పంచుకునే ముందు ఆమెకేం కావాలో ఒక్కసారి అడిగి చూడండి. నేను ఆలస్యంగా అడిగాను.