మెట్లు దిగలేని తమ్ముడికి పెద్దకూర కబురు

మొన్న రాత్రి హాస్టల్ తమ్ముడొకడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, నిన్న జిమ్‌ల స్క్వాట్స్ కొట్టిన. ఇయ్యాల మెట్లు దిగుడు నా వల్ల అయితలేదు. ట్రైనర్ వే ప్రోటీన్ డబ్బా కొనుమంటుండు, మూడు వేలు. ఏమన్న సర్దుతవా?"

డబ్బులు సర్దలేదు. ఫోన్ చేసి అరగంట మాట్లాడిన. ఇది వాడొక్కడి ముచ్చట కాదు గనక ఇక్కడ రాస్తున్నా.

ముందు నొప్పి సంగతి. అలవాటు లేని బరువు ఎత్తినప్పుడు, ముఖ్యంగా దాన్ని మెల్లగా కిందికి దించేటప్పుడు, కండరం ఒకపక్క సాగుతూ ఇంకోపక్క బరువును ఆపాలి. అక్కడ పోగులు సన్నగా దెబ్బతింటాయి. శరీరం వాటిని బాగు చేసుకునే పనిలో వచ్చే వాపు, సలుపే ఇది. 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువుంటుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని జిముల్లో చెప్పేది తప్పు. అది గంటా రెండు గంటల్లోనే పోతుంది. ఏ తిండీ ఈ నొప్పిని రాత్రికి రాత్రి మాయం చెయ్యదు, డబ్బా కూడా చెయ్యదు. తిండి చేసేది మరమ్మతుకు సరుకు అందించడమే. (ఒక్క జాగ్రత్త: నొప్పితో పాటు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే తిండి గురించి ఆలోచించకు, వెంటనే ఆస్పత్రికి పో.)

మా అమ్మకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పలేదు. నాట్ల సీజన్‌లో మొదటి రెండు మూడు రోజులు తొడల వెనక నరాలు పట్టుకుపోయి కూర్చుంటే లేవలేకపోయేది. వారం గడిచాక అదే పొలం, అదే వంగుడు, నొప్పి మాత్రం అంత ఉండేది కాదు. కండరం అలవాటు పడుతుంది. నువ్వు జిమ్‌కి ఫీజు కట్టి తెచ్చుకునే నొప్పిని మా అమ్మ కూలి కోసం తెచ్చుకునేది. తేడా ఏంటంటే, ఆమెకు రెస్ట్ డే లేదు. ఇంట్లో కూర వండితే ముక్కలు నాయనకూ మాకూ పడేవి, ఆమెకు పులుసు మిగిలేది. కులం గురించి ఇంత మాట్లాడే మనం మన ఇంటి గిన్నె గురించి మాట్లాడలేదు. ఆ తప్పు నాదీ.

ఇప్పుడు లెక్క. బరువులు ఎత్తేవాడికి కిలో ఒంటి బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. తమ్ముడు 60 కిలోలు, అంటే 96 గ్రాములు. హాస్టల్‌లో వాడు రోజుకు తినే 400 గ్రాముల బియ్యంలోనే దాదాపు 28 గ్రాములుంది. నాలుగు గుడ్లు 24. గుప్పెడు పల్లీలు, అంటే 50 గ్రాములు, 12. మిగిలిన ముప్పై చిల్లర ఎక్కణ్నుంచి? 200 గ్రాముల పచ్చి బర్రెకూరలో 40 గ్రాములు! కూర లేని రోజు 50 గ్రాముల మీల్ మేకర్ వేసుకుంటే 26 వస్తుంది. అన్నం మానెయ్యమని చెప్పేవాడి మాట వినకు, ఖర్చయిన శక్తి తిరిగి నిండాలంటే అన్నం కావాలి. నిద్ర కూడా.

నేనిది చెప్తుంటే తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "రూమ్మేట్స్ ముంగట పెద్దకూర తింటనని చెప్పలే అన్నా" అన్నాడు.

అసలు నొప్పి అక్కడుంది. వే అంటే ఏంటి? పాలు విరగ్గొట్టి చీజ్ తీశాక మిగిలే నీళ్లను శుద్ధి చేసి ఎండబెట్టిన పొడి. అది చెడ్డదని అనను, పనిచేస్తుంది. కానీ పశువు పాల నీళ్లు మూడు వేల డబ్బాలో వస్తే ఫిట్‌నెస్, అదే పశువు కూర మన గిన్నెలో ఉంటే అంటు. కార్జంలో ఐరన్, బి12 దండిగా ఉంటాయని న్యూట్రిషనిస్టులు ఇప్పుడు రీల్స్ చేస్తున్నారు. మన అవ్వలు బాలింతకు కార్జం పెడితే మొరటు తిండి అన్నారు. దండెం మీద ఎండేసిన తునకల్ని చూసి ముక్కు మూసుకున్నవాళ్లే విమానాశ్రయంలో బీఫ్ జెర్కీ ప్యాకెట్ కొంటారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెడితే దాడి జరిగింది. ప్లేటులో కూర పెట్టుకున్నందుకు. ఆ భయం ఇంకా మన పిల్లల గొంతులో అడ్డుపడి ఉంది, అందుకే అప్పు చేసైనా డబ్బా కొందామనుకుంటారు.

దళితులందరూ పెద్దకూర తినరు, తినాల్సిన పనీ లేదు. తినేవాడు దాచుకోవద్దు, అంతే నేననేది.

ఇక హాస్టల్. మెనూ కాగితం మీద గుడ్డు ఉంటుంది, ప్లేటులో చాలాసార్లు ఉండదు. పప్పులో గరిటె తిప్పితే అడుగు కనపడుతుంది. జిమ్ చేసే పిల్లలే కాదు, పొద్దున పార్ట్ టైమ్ డెలివరీ చేసి క్లాసుకొచ్చేవాడి కండరాలకూ అదే సరుకు కావాలి. తమ్ముణ్ని ఒక పని చెయ్యమన్నా: నెల రోజులు ప్రతి పూటా ప్లేటు ఫోటో తీసి, తేదీ రాసి పెట్టు. మెస్ కమిటీ మీటింగ్‌కి అది పట్టుకుపోదాం.

నిన్న మూడు ఫోటోలు పంపాడు. రెండింట్లో గుడ్డు లేదు. మూడోది రూంలో కుక్కర్‌ది. రూమ్మేట్స్‌లో ఇద్దరు తిన్నారట, ఒకడు బయటికెళ్లి కూర్చున్నాడట. తొడలు ఇంకా గుంజుతున్నాయంట.

వచ్చే ఆదివారం ఆ మెమొరాండంలో ఏం రాయాలో మాట్లాడుకుందాం. జై భీమ్.