మాస్టడాన్ ఖర్చు ఎవరిది?



ఒకే యజమాని చేతిలో లేని సామాజిక మాధ్యమములు, మాస్టడాన్ వంటివి, వ్యాపార ప్రకటనలు లేకుండ నడచుచున్నవని పలువురు మెచ్చుకొనుచున్నారు. మెచ్చుకొనవలసినదే. కాని ఖర్చు ఎవరు భరించుచున్నారని అడిగినవారు తక్కువ.

2016లో జర్మనీలో ఆయిగెన్ రోచ్కో ప్రారంభించిన మాస్టడాన్ వేలాది సర్వర్ల కూటమి. ఒక్కొక్క సర్వరుకు వేరు వేరు నిర్వాహకులు. తపాలా కచేరీలవలె ఒకదాని జాబులు మరొకటి అందుకొనును. 2022 అక్టోబరులో ట్విట్టరు చేతులు మారగానే, సుమారు 3 లక్షలుగా ఉన్న నెలవారీ సభ్యుల సంఖ్య నవంబరునాటికి 25 లక్షలకు పెరిగినది. ప్రకటనలమీద బ్రతుకు కంపెనీకి కొత్త మనిషి వచ్చిన కొత్త రాబడి. ఇచ్చట కొత్త ఖర్చు మాత్రమే. ఇతర సర్వర్లనుండి వచ్చు బొమ్మలను సైతము దాచవలెను. దుర్భాషలు తొలగించుటకు రాత్రింబవళ్లు మనిషి కావలెను. నిర్వాహకుడు విసిగి మూసివేసినచో, అనుచరులను మరొక సర్వరుకు మార్చుకొనవచ్చును గాని పాత వ్రాతలు వెంట రావు. మొజిల్లా వంటి పేరున్న సంస్థయే తన సర్వరును 2024 డిసెంబరులో మూసివేసినది.

విరాళములే చాలునందురు కొందరు. దాత మనస్సు మారవచ్చును. చట్టమును అడ్డు రావచ్చును. 2024లో జర్మనీ పన్నుల శాఖ మాస్టడాన్ సంస్థకు ధర్మసంస్థ హోదాను తీసివేసినది. అదే ఏడు బ్లూస్కై వారు 1.5 కోట్ల డాలర్ల పెట్టుబడి స్వీకరించిరి. పెట్టినవాడు ఏనాటికైనను లాభమడుగక మానడు.

నాకు నచ్చిన త్రోవ 2017లో ఏర్పడిన సోషల్ కోప్ అను సహకార సంఘమువారిది. చందా సభ్యులదే, ఓటు సభ్యులదే. బరంపురంలోను, షోలాపురంలోను, హోసూరులోను తరతరములుగా ఉన్న తెలుగువారికి చందా పుస్తకముగూర్చి నేను చెప్పనవసరము లేదు. వసూలుకు వచ్చువానిని చూచి ప్రక్కవీథికి మళ్లినవారును మనలో లేకపోలేదు!

తెలుగు సంఘములవారెవరైన సొంత సర్వరు పెట్టదలచినచో, యంత్రముగూర్చి ఆలోచించుటకు ముందే ఏడాది చందా ఎంత, కోశాధికారి ఎవరు, లెక్క తనిఖీ ఎవరిది, మూసివేయవలసివచ్చిన ఎన్ని నెలలముందు తెలుపవలెను అను సంగతులు కాగితముమీద పెట్టుకొనవలెను. చదువుట అందరికి ఉచితముగా ఉంచి, వ్రాయువారినుండియే చందా తీసికొనుట న్యాయము. పేద విద్యార్థులకు మినహాయింపు ఉండవచ్చును.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం