ఒకే పాట – పలు ధ్వనిముద్రణలు

పాటను ప్రేమించడం వేరు, పాటకు లెక్క వ్రాసిపెట్టడం వేరు. మొదటిది అందరూ చేసేదే. రెండవదాన్ని జీతభత్యాలు లేకుండా చేస్తున్న అభిమానులు నేడు దేశదేశాలలో ఉన్నారు. ఎవరైనా చేర్చవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అనే పద్ధతిపై నడిచే ఉమ్మడి సంగీతకోశాలను, వాడుకలో వికీలనబడే వాటిని, వారు కంప్యూటర్ల సాయంతో నిర్మిస్తున్నారు. మన విద్యార్థులలో కూడా కొందరికి ఈ వ్యాసంగం అలవడిందని తెలిసి సంతోషించాం. ఆ సందర్భాన్ని పురస్కరించుకుని విద్యార్థి మిత్రుల ఎదుట, కళాశాల పాలకవర్గం ఎదుట ఒక అభిప్రాయం ఉంచదలచాం. ఇటువంటి కోశంలో ఎన్ని వేల పాటలున్నాయని మేము అడగము. ఒకే పాట రెండుసార్లు పాడబడినప్పుడు ఆ రెంటినీ అది ఏ విధంగా చూస్తున్నదని అడుగుతాం.

"పాట ఒకటే కదా, ఒక్కసారి వ్రాస్తే చాలదా?" అనేవారే అధికం. "పాట వినాలా, జనాభా లెక్కలు వ్రాయాలా?" అని మా సహాధ్యాపకులొకరు పరిహాసమాడారు కూడా. వారికి సమాధానంగా ఇంగ్లండు దేశపు ఉదాహరణ ఒకటి మనవి చేస్తాం.

బీటిల్స్ బృందం ఇ.ఎం.ఐ. సంస్థకు పాడిన తొలి రికార్డు 'లవ్ మీ డూ'. దానిని లండను స్టూడియోలో 1962వ సంవత్సరంలో మూడుసార్లు ముద్రించారు. జూన్ 6న డ్రమ్స్ వాయించినవాడు పీట్ బెస్ట్. ఆగస్టులో అతణ్ణి బృందం నుండి తొలగించి రింగో స్టార్‌ను చేర్చుకున్నారు. సెప్టెంబరు 4న వాయించినవాడు రింగో. ఆ వాయింపు స్టూడియో పెద్దలకు తృప్తి కలిగించలేదు. సెప్టెంబరు 11న ఆండీ వైట్ అనే వాద్యకారుణ్ణి కూలికి పిలిపించి, రింగో చేతికి టాంబరిన్ ఇచ్చి ప్రక్కన నిలబెట్టారు. అక్టోబరు 5న బజారుకు వచ్చిన రికార్డులో మొదట ఉన్నది సెప్టెంబరు 4 నాటి పాట. 1963లో వెలువడిన 'ప్లీజ్ ప్లీజ్ మీ' ఆల్బమ్‌లో ఉన్నది సెప్టెంబరు 11 నాటిది. పీట్ బెస్ట్ వాయించినదో, 1995లో 'ఆంథాలజీ' మొదటి సంపుటం వచ్చేదాకా జనం చెవిన పడనే లేదు. టాంబరిన్ వినబడితే ఆండీ వైట్ వాయించినదని అభిమానులు ఆనవాలు పెట్టుకున్నారు.

ఈ మూడింటినీ ఒకే పద్దు క్రింద వ్రాస్తే ఏమవుతుంది? డ్రమ్స్ ఎవరు వాయించారన్న ప్రశ్నకు ఒకే పేరు వ్రాయవలసి వస్తుంది. ప్రసిద్ధుడైన రింగో పేరే అక్కడ నిలుస్తుంది. ఒక్కరోజు కూలికి వచ్చి, లక్షలమంది వినిన వాయింపును వాయించిన మనిషి పేరు చెరిగిపోతుంది. ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి పేరు అంతకుముందే చెరిగిపోతుంది. లెక్క సరిగా లేకపోతే నష్టపోయేది ఎప్పుడూ చిన్నవాళ్ళే. జనాభా లెక్కలని నవ్విన మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి.

దీనికి పరిష్కారమార్గాన్ని ఇప్పటికే కొందరు అభిమానులు కనుగొన్నారు. 'మ్యూజిక్‌బ్రెయిన్జ్' అనే ఉమ్మడి కోశం 2011లో తన అమరికను సమూలంగా మార్చుకుని మూడు అంతస్తులు ఏర్పరచింది. మొదటిది కృతి: కవి, స్వరకర్త కల్పించినది. రెండవది ధ్వనిముద్రణ: ఫలానా వ్యక్తులు ఫలానా వేళ పాడినది, వాయించినది. మూడవది విడుదల: రికార్డుగానో, క్యాసెట్‌గానో, సి.డి.గానో అంగడికి వచ్చిన వస్తువు. 'లవ్ మీ డూ' ఒక్క కృతి, 1962లో మూడు ధ్వనిముద్రణలు, లెక్కకు మిక్కిలి విడుదలలు. ఇది అభిమానుల చాదస్తమనుకోనక్కరలేదు; సంగీతవ్యాపారంలో సైతం కృతికి ఒక సంకేతసంఖ్య, ధ్వనిముద్రణకు వేరొక సంకేతసంఖ్య ఇచ్చే అంతర్జాతీయ పద్ధతులు ఉన్నాయి.

తెలుగు, ఉర్దూ సాహిత్యాలు చదువుకున్నవారికి ఈ విద్య పూర్తిగా క్రొత్తది కాదు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల వ్రాతప్రతులు సేకరించి, పాఠాలు పోల్చి చూచి 1829లో ప్రచురించాడు. గాలిబ్ తన యౌవనకాలపు కవిత్వంలో ఎంతో భాగాన్ని తానే ఏరివేసి 1841లో దీవాన్‌ను అచ్చు వేయించుకున్నాడు. 1821 నాటి వ్రాతప్రతి ఒకటి భోపాల్‌లో బయటపడి 'నుస్ఖా-ఎ-హమీదియా' పేర 1921లో అచ్చయినప్పుడు, కవి విడిచిపెట్టిన షేర్లు ఎన్నో లోకానికి దక్కాయి. ఒకటి దొరికిందని రెండవదాన్ని ఎవరూ పారవేయలేదు.

అయితే పాఠపరిష్కర్త పనికీ పాటల కోశకర్త పనికీ మధ్య ఒక ముఖ్యభేదం ఉంది. లేఖకుల చేతిలో పద్యం చెడుతుంది. కనుక పరిష్కర్త ఆ దోషాలను తొలగించుకుంటూ కవి వ్రాసిన మూలం వైపు వెనుకకు నడుస్తాడు. ధ్వనిముద్రణలో ఆ లేఖకుడు లేడు. సెప్టెంబరు 4న వాయించినది సెప్టెంబరు 11న వాయించినదానికి అపపాఠం కాదు. ఆ రోజు ఆ గదిలో ఆ మనుషులు చేసిన పని అది. దానిని దిద్దే హక్కు మనకు లేదు, ఉన్నదున్నట్టు వర్ణించే బాధ్యత ఉంది. ఈ కారణం చేతనే 'అసలు పాట', 'ఒరిజినల్' అనే ముద్రలు వేయడం మాకు సమ్మతం కాదు. సంవత్సరం, స్థలం, పాడినవారు, వాయించినవారు, నిడివి అని వ్రాస్తే చాలు. అసలేదో వినేవారు తేల్చుకుంటారు, లేదా తగవులాడుకుంటారు. అదీ ఒక ఆనందమే.

ఇక మన పాటల సంగతి. 1953 నాటి హిందీ 'అనార్కలీ'లో సి. రామచంద్ర స్వరపరచగా లతా మంగేష్కర్ పాడిన 'యే జిందగీ ఉసీ కీ హై' బాణీ, 1955 నాటి తెలుగు 'అనార్కలి'లో జిక్కి కంఠాన 'జీవితమే సఫలము' అయింది. హిందీలోనే ఆ పాటకు సంతోషరూపం ఒకటి, విషాదరూపం ఒకటి ఉన్నాయి. 1957 నాటి 'సువర్ణసుందరి'లో ఆదినారాయణరావు కూర్చిన రాగమాలికను ఘంటసాల, జిక్కి 'హాయి హాయిగా ఆమని సాగే' అని పాడారు. హిందీ రూపంలో లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ 'కుహూ కుహూ బోలే కోయలియా' అని పాడారు. బాణీ ఒకటే గనుక ఇవి ఒకే పాట అందామా? అలా అంటే ఒక భాష కవికి అన్యాయం. వేర్వేరు పాటలని ఊరుకుందామా? అప్పుడు స్వరకర్తకు అన్యాయం. రెండు కృతులుగా వ్రాసి, బాణీ ఒకటేనని వాటి మధ్య ఒక లంకె వేయడమే న్యాయమని మా తీర్పు.

మరొక చిక్కు ఉంది. 78 వేగపు రికార్డులో ఒక వైపున మూడు, మూడున్నర నిమిషాలకు మించి పాట పట్టేది కాదు. తెరమీద అంతకంటే ఎక్కువసేపు సాగిన పాటను కుదించవలసి వచ్చేది, లేదా రెండు వైపులకూ పంచవలసి వచ్చేది. కనుక సినిమాలో వినిపించినదీ రికార్డులో వినిపించినదీ ఒకటేనని విచారించకుండా వ్రాయరాదు.

పేర్ల విషయం మరీ విచిత్రం. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీకి పాడిన గౌహర్ జాన్, పాట ముగింపున తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకునేది. రికార్డులు తయారయ్యేది జర్మనీలో గనుక అక్కడివారు గుర్తుపట్టడానికి ఈ ఏర్పాటని చెబుతారు. అంటే మన దేశంలో పాటల లెక్క వ్రాయడం మొదలుపెట్టినది పాడిన ఆ స్త్రీయే అన్నమాట! ఆ తరువాత 47 సంవత్సరాలకు, 1949లో వచ్చిన 'మహల్' చిత్రంలోని 'ఆయేగా ఆనేవాలా' రికార్డుపై గాయని పేరు 'కామినీ' అని అచ్చయింది. అది మధుబాల ధరించిన పాత్ర పేరు. పాడినది లతా మంగేష్కర్. రికార్డు చీటీని గుడ్డిగా నమ్మి వ్రాసే కోశం లేని గాయనిని సృష్టిస్తుంది. చీటీని లెక్కచేయకుండా వ్రాసే కోశం ఆ కాలపు అన్యాయాన్ని దాచిపెడుతుంది. రెండు పేర్లూ ఉండాలి, ఏది ఎక్కడ ఉన్నదో తెలియాలి.

ఖవ్వాలీ వద్దకు వచ్చేసరికి పై మూడంతస్తుల అమరిక కూడా కొంత కదులుతుంది. ఖవ్వాల్ ఒక కలాంను ఎత్తుకుని, మధ్యలో వేరొక కవి షేరును దానికి ముడివేస్తాడు. దీనినే గిరహ్ కట్టడమంటారు. ఈ రాత్రి ముడివేసిన షేరు రేపటి సభలో ఉండకపోవచ్చు. నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఒకే కలాంను వేర్వేరు సభలలో వేర్వేరు నిడివితో పాడిన ముద్రణలు ఉన్నాయి. 1990లో రియల్ వరల్డ్ సంస్థ వెలువరించిన 'మస్త్ మస్త్' ఆల్బమ్‌లోనైతే ఆయన పాటతోపాటు, మాసివ్ అటాక్ బృందం దానిని విడదీసి తిరిగి కూర్చిన రూపం కూడా చేరింది. ఇటువంటి చోట కృతి పద్దులో ఒక కవి పేరు వ్రాసి చేతులు దులుపుకోరాదు. ఏ ముద్రణలో ఏయే కవుల షేర్లు ముడిపడ్డాయో ఆ ముద్రణ పద్దులోనే వ్రాయాలి. ఇది చెవి, చదువు రెండూ కావలసిన పని. ఉర్దూ కావ్యసంప్రదాయం తెలియని అభిమాని ఎంత శ్రద్ధ ఉన్నా దీనిని చేయలేడు.

విడదీయడమంటే ఉత్సాహపడే మిత్రులకు కూడా ఒక మాట. పాత టేపునే శుభ్రపరచి క్రొత్త సి.డి.గా అచ్చొత్తినంత మాత్రాన అది క్రొత్త ముద్రణ కాదు, క్రొత్త విడుదల మాత్రమే. మళ్ళీ పాడారా, మళ్ళీ వాయించారా, స్వరాల పాళ్ళు మార్చి కూర్చారా, కత్తిరించారా అని ప్రశ్నించుకోవాలి. ఏదీ కాకపోతే వేరు పద్దు అనవసరం. అరుదైన రూపం తమవద్దనే ఉన్నదని చాటుకోవాలనే కోరిక సంగ్రాహకులలో సహజం గాని, కోశం ఆ కోరికకు వేదిక కారాదు. కలిపివేయడంలో మాత్రం మరింత నిదానం కావాలి. ఒకసారి కలిపిన రెండు పద్దులను విడదీయడం పోసిన పాలను వేరుచేయడం వంటిది. పైన చెప్పిన కోశంలో ఇటువంటి మార్పులు 7 రోజులపాటు ఇతరుల ఓటుకు నిలిచి ఉంటాయి. మన పిల్లల తొందర చూస్తే ఆ గడువు కూడా తక్కువేమో అనిపిస్తుంది.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. మన విద్యార్థుల ఇళ్ళలో, ట్రంకుపెట్టెల అడుగున, పెండ్లిళ్ళలో, ముషాయిరాలలో, నాటకసభలలో పట్టిన క్యాసెట్లు ఉన్నాయి. వాటి టేపు ఏటేటా బూజు పట్టి, అతుక్కుని పాడవుతోంది. పాడినవారి గొంతు ఆనవాలు పట్టగలిగిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. బయటి కోశాలలో ఒకే గాయకుని పేరు ఉర్దూ లిపిలో ఒక విధంగా, తెలుగులో ఒక విధంగా, ఇంగ్లీషులో నాలుగు విధాలుగా పడి, ఒక్క మనిషి ఆరుగురుగా చీలిపోతున్నాడు. రెండు లిపులూ చదవగలిగిన మన విద్యార్థులకు ఇది చేతనయిన పని.

పాలకవర్గం వారిని మేము కోరేది స్వల్పం. గ్రంథాలయంలో ఒక బీరువా, పనిచేసే క్యాసెట్ ప్లేయర్ ఒకటి, వారానికి రెండు గంటలు కంప్యూటర్ గది. పాటలను బహిరంగంగా వినిపించే ప్రసక్తి ఇక్కడ లేదు గనుక హక్కుల చిక్కు రాదు. వివరాలు మాత్రమే వ్రాస్తాం, అదికూడా ఇంటివారి అనుమతితో.

విద్యార్థులు ఈ సెలవులలోనే మొదలుపెట్టవచ్చు. క్యాసెట్ తెచ్చేటప్పుడు దాని పెట్టెలోని పాత చీటీని తప్పక తీసుకురావాలి. దానిపై ఉన్నది ఉన్నట్టుగా, తప్పుతో సహా, ఏ లిపిలో ఉంటే ఆ లిపిలో ఎక్కించుకోవాలి. సరియైనదని మీరు భావించే పేరును ప్రక్కన వ్రాసి, ఆ మాట ఎవరు చెప్పారో కూడా వ్రాయాలి. తేదీ తెలియకపోతే ఆ గడిని ఖాళీగా విడిచిపెట్టండి.