పాత పికప్ బండికి అదనపు కమాన్ పట్టీలు - లాభమా, నష్టమా?

ఎద్దుబండి తోలిన ప్రతి రైతుకును బరువు సంగతి తెలియును. ముందుబరువైనచో ఎద్దుల మెడలు కమిలిపోవును. వెనుకబరువైనచో కాడి పైకి లేచి మెడతాడు గొంతుకు బిగియును. అందుచేతనే మన పెద్దలు బస్తాలు సర్ది, కాడి ఎత్తి చూచుకొని గాని బండి కదల్చెడివారు కారు. నేడు అనేక గ్రామములలో ఆ ఎద్దుబండి స్థానమున పాత పికప్ బండి వచ్చినది. బండి మారినది గాని బరువు ధర్మము మారలేదు. ఈ సంగతిని మనము మరచుచున్నామని నా అభిప్రాయము.

ఏండ్ల తరబడి తిరిగిన బండికి వెనుక కమాన్ పట్టీలు కుంగుట సహజము. అప్పుడు యజమాని మెకానిక్ షెడ్డుకు పోయి, "ఇంకో రెండు పట్టీలు వేసి వెనక ఎత్తు లేపవయ్యా, ఈసారి పాతిక బస్తాలు వేయాలి" అనుచున్నాడు. పని ఒక పూటలో ముగియును. బండికి బలము వచ్చినదని యజమాని సంతోషించును.

నిజముగా వచ్చిన బలమెంత? గట్టిపడినవి పట్టీలు మాత్రమే. ఇరుసు, బేరింగులు, టైర్లు, చాసిస్, బ్రేకులు అన్నియు మునుపటివే. పట్టీ కుంగుట బండి మనకిచ్చు హెచ్చరిక. ఆ హెచ్చరికను అణచితిమి గాని బరువును తగ్గింపలేదు. మరియు, పట్టీ మందము రెండింతలైనచో దాని బిరుసు ఎనిమిదింతలగును. కనుక "కొంచెము మందపు పట్టీ" అనునది కొంచెపు మార్పు కాదు. అట్టి బండి ఖాళీగా పోవునప్పుడు గతుకులలో వెనుక చక్రములు ఎగిరిపడి రోడ్డు పట్టు తప్పును. తక్కువ సరుకుతో పోవునప్పుడు టమాటా, అరటి వంటివి అదురుకు దెబ్బతినును.

ఇంతకంటె ముఖ్యమైనది బ్రేకు. కొన్ని పికప్ బండ్లలో వెనుక ఇరుసుకును చాసిస్‌కును నడుమ సన్నని కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఉండును. చాసిస్ కుంగినచో బరువున్నదని వెనుక బ్రేకుకు ఒత్తిడి పెంచును. చాసిస్ పైకున్నచో బండి ఖాళీ అని తగ్గించును. పట్టీలు చేర్చి లేపిన బండి, నిండు బస్తాలతో పోవుచున్నను, ఆ వాల్వుకు తేలిక బండివలె కనబడును. బరువు పెరిగినది, బ్రేకు తగ్గినది! కొండ నాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదన్న సామెత ఇచ్చట సరిపోవును.

మీ బండి ఎంత మోయగలదో ఆర్.సి.లోనే ఉన్నది. మొత్తము బరువు నుండి ఖాళీ బరువు తీసివేయుడు. 1,200 కిలోలు మిగిలినదనుకొనుడు. అందులో డ్రైవరు బరువు కూడ చేరును. 75 కిలోల ధాన్యపు బస్తాలు 15 మాత్రమే వేయవచ్చును. పాతిక వేసినచో 1,875 కిలోలు! పట్టీలు చేర్చినంత మాత్రమున ఆర్.సి.లోని అంకె పెరుగదు. 1988 మోటారు వాహనముల చట్టము 2019లో సవరింపబడిన పిమ్మట, అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున జరిమానా విధించుచున్నది. అనుమతి లేని మార్పులకు వేరుగా శిక్ష కలదు.

"రెండు తడవలు తిప్పిన డీజిలు ఖర్చు ఎవరిచ్చెదరు?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని ఒక టైరు పేలినను, ఒక ఇరుసు విరిగినను పోవు సొమ్ముతో ఎన్ని తడవలు తిప్పవచ్చునో లెక్క వేయుడు. సరుకు ఎక్కువైనప్పుడు నలుగురు రైతులు కలిసి పెద్ద లారీని కట్టుకొనుట మేలు.

పాత బండిని అట్లే వదలుడని నేను చెప్పుట లేదు. బాగు చేయింపుడు, ఈ విధముగా:

1. కుంగిన పట్టీలకు బదులు తయారీదారు నిర్ణయించిన కొలత గల కట్టలనే, రెండు వైపులకు ఒకేసారి వేయింపుడు.

2. విరిగిన పట్టీకి వెల్డింగు పెట్టింపకుడు. కుంగిన పట్టీని కొలిమిలో కాల్చి వంచింపకుడు. కాల్చిన కొడవలికి పదను పోయినట్లే దానికిని పోవును.

3. బుష్షులు, షాకిళ్లు, షాక్ అబ్జార్బర్లు పరీక్షింపుడు. కొత్త కట్ట వేసిన పిదప కొద్ది దినములు తిరిగినంతనే యూ బోల్టులు మరల బిగింపుడు.

4. బ్రేకు వాల్వు కడ్డీని తెలిసిన మెకానిక్ చేత సరిచూపింపుడు.

గ్రామాధికారులకు ఒక మనవి. కోతలకు ముందు జరుగు రైతు సమావేశములలో విత్తనము, ఎరువులతో పాటు ఈ బరువు లెక్కను కూడ చెప్పుడు. బస్తాల మీద కూలీలను కూర్చుండబెట్టు అలవాటును మాన్పింపుడు. ఆ బండి మీద పోవునది పంట మాత్రమే కాదు. పొద్దున ఇల్లు విడిచి, సాయంత్రము బిడ్డల వద్దకు తిరిగి రావలసిన మనుష్యులు కూడ.