మొద్దు ఎవరు?

సూర్యాపేటలో హాస్టల్లో ఉండి చదివే మా మేనల్లుడు ఎనిమిదో తరగతిలో కూడా కూడబలుక్కుని చదువుతున్నాడని హైదరాబాదు తీసుకెళ్లి పరీక్షలు చేయించారు. డిస్లెక్సియా అన్నారు. ఇల్లంతా వాడి చుట్టూ మూగింది. అదే ఇబ్బంది పడిన వాళ్లమ్మని, అంటే మా వదినని, ముప్పై ఏళ్ల కిందట మిర్యాలగూడ బడిలో 'మొద్దు' అన్నారు. ఏడో తరగతితో మాన్పించారు, తర్వాత పెళ్లి చేశారు. ఇది చాలా కుటుంబాల్లో తరతరాలుగా వస్తుందని డాక్టరు చెప్పినా ఎవరూ ఆమె వంక చూడలేదు. కొడుకుది సమస్య, తల్లిది మొద్దుతనం!

కోదాడలో ఆమె కుట్టే జాకెట్ల కొలతలన్నీ ఆమెకు నోటికే ఉంటాయి. చదవబోతే మాత్రం వ, ప, ష కలగలిసిపోతాయి. ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతుంది. "నీ లెక్క నాకు గూడ కథల పుస్తకం చదవొస్తదా?" అని ఒకరోజు అడిగింది.

ఆడదానికి సంతకం వస్తే చాలంటారు ఇంట్లోవాళ్లు. చదువుకున్న మనం, ముందు తప్పుల్లేకుండా చదవడం రావాలి, సాహిత్యం తర్వాత అంటాం. సంతోషం కోసం చదవడం మనకు హక్కు, ఆమెకు బహుమతా? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లను సారా మీద పోరాటానికి పురికొల్పిన వాటిలో అక్షరాస్యతా వాచకంలోని సీతమ్మ కథ ఒకటి. వాళ్లను కదిలించింది గుణింతం కాదు, తమ బతుకులాంటి కథ.

నేను చేసింది చాలా చిన్న పని. రెండు పేజీల కథను పెద్ద అక్షరాల్లో, వరసల మధ్య ఖాళీ వదిలి అచ్చు తీయించాను. అదే కథను చదివి ఫోనులో రికార్డు చేసి పంపాను. ఆమె వింటూ అక్షరాల వెంట వేలు నడుపుతుంది. పైకి చదవమనను, తప్పులు దిద్దను, అర్థమైందా అని అడగను. నచ్చని కథ మానేసే స్వేచ్ఛ ఆమెదే. ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతుంది. నవ్వాల్సిన చోట మాత్రం నాకంటే ముందే నవ్వుతుంది.

వినడం చదవడమెలా అవుతుందని ఒక రచయిత్రి నన్ను అడిగారు. ఈ సూర్యాపేట ప్రాంతపు మల్లు స్వరాజ్యం వంటి స్త్రీలు చెప్పిన మాటలే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అయ్యాయి. చెప్పిన మాట చరిత్ర అయినప్పుడు విన్న కథ చదువెందుకు కాదు?

2016 వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను గుర్తించింది. పరీక్షలు రాసే పిల్లలకు అది అక్కరకొస్తుంది. ఏ పరీక్షా రాయని మా వదినకు కావలసింది మన దగ్గరుంది. ఆమె గురించి పుస్తకాలు రాస్తాం, ఆమె చదవలేని చీమల్లాంటి అక్షరాల్లో వేస్తాం. మన తర్వాతి పుస్తకాన్ని పెద్దక్షరాల్లో వేద్దాం, మన గొంతుతో చదివి ఇద్దాం. అప్పటిదాకా మొద్దు అనే మాట మనకే చెల్లుతుంది.