పాత కారుకి స్కానర్ కాదు, మల్టీమీటర్ కొనండి

ఒకసారి స్టార్ట్ అయ్యి ఇంకోసారి మొండికేసే పాత కారుకి మనవాళ్లు ముందు బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఆర్డర్ పెట్టేస్తున్నారు. నా ఓటు మామూలు డిజిటల్ మల్టీమీటర్‌కే. కార్బ్యురేటర్ మారుతి 800లో స్కానర్ గుచ్చడానికి అసలు పోర్టే లేదు. పోర్టున్న కార్లలో కూడా ఎర్త్ కేబుల్ తుప్పు పడితే కోడ్ వస్తుందన్న గ్యారంటీ లేదు.

మా పల్నాడులో ఇది ఎండాకాలం గోల. పొద్దున నరసరావుపేటలో ఒక్క సెల్ఫ్‌కే లేచిన బండి, మధ్యాహ్నం రెంటచింతలలో (ఆ ఊరి ఎండ సంగతి తెలిసిందేగా) టక్‌మని ఊరుకుంటుంది. చల్లబడ్డాక మళ్లీ మామూలే! అప్పుడు కొలిస్తే ఏం దొరకదు, మన దగ్గర రీప్రొడ్యూస్ అవ్వని బగ్ లాగే. మొండికేసినప్పుడే మీటర్ పెట్టాలి.

ఫుల్ ఛార్జ్ బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. గేరు న్యూట్రల్‌లో ఉంచి పక్కవాళ్లతో సెల్ఫ్ కొట్టించండి. 9.6 కిందకి పడిందా, ముందు బ్యాటరీని అనుమానించండి. 12 దగ్గరే ఉండి టక్‌మంటోందా, కొత్త బ్యాటరీకి డబ్బులు తగలేయొద్దు. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి ఇంజిన్ మెటల్‌కి ఆనించి మళ్లీ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది బిగించండి. దాటకపోతే పాజిటివ్ కేబుల్, సోలినాయిడ్, సెల్ఫ్ మోటార్ వరసగా చూడాలి. సెల్ఫ్ బాగా తిరిగినా ఇంజిన్ అందుకోకపోతే అది పెట్రోల్ లేదా స్పార్క్ గొడవ, దానికి మెకానిక్ దగ్గరికే.